ధూమ్రపురి మీద కప్పిన బొంత

చదివే అమ్మలకు, అయ్యలకు నమస్కారం. దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా, ఒత్తు లేని అక్షరానికి ఒత్తు తగిలించినా మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది జుట్టు నెరిశాక, మనవరాళ్ళ పక్కన చేరి. నా కథలో రాకుమారుడు మబ్బుల మీద పరుగెత్తుతాడు గాని, నా కలం మాత్రం బురదలో దిగిన బండిలా కదులుతుంది. ఈ ఒక్క ప్రకరణానికే ఒక ఎండాకాలమంతా పట్టింది. ఆ ఎండ పుణ్యమా అని ఈ కథ తోచింది కాబట్టి దాన్ని తిట్టుకోను. ఇక రండి.

ధూమ్రపురిని దూరం నుంచి చూసినవాడికి ముందు కోట కనబడదు, గోపురం కనబడదు. ఆకాశాన్ని మోస్తున్న నల్లని స్తంభాల్లా పొగలు కనబడతాయి. పేదింటికి ఒక పొగగొట్టం, కలవారింటికి కప్పు నిండా పొగగొట్టాలే. పొగ ఎంత ఎత్తు లేస్తే ఆ ఇంటి పరువు అంత ఎత్తు. వంట అయిపోయినా అక్కడ పొయ్యి ఆర్పరు. పచ్చికట్టెలు, గనుల్లో తవ్విన నల్లరాళ్ళు ఎగదోసి ఊరికే పొగ పెడుతూనే ఉంటారు. పిల్లనిచ్చేవాళ్ళు పెళ్ళికొడుకు ముఖం చూడరు, అతని ఇంటి కప్పు చూస్తారు. ఇక పొగ ఆగిందంటే ఆ ఇంటి పెద్ద పోయాడని అర్థం. ఇరుగుపొరుగు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వచ్చేస్తారు.

కోటలో నల్లరాయితో మండే మహాపొయ్యి ఒకటుంది. దాని గొట్టానికి కీర్తిస్తంభమని పేరు. ఇద్దరు మనుషులు ఒక్కసారి దూరేటంత వెడల్పు. రాజులు పోయినప్పుడు తప్ప దాని పొగ ఎన్నడూ ఆగలేదు.

ఆ నగరానికి రాజు ఉదగ్రసేనుడు. ఆయనకు రత్నాంగదుడని కొడుకు, కుముదిని అని కూతురు. ఆ కూతుర్ని పెళ్ళాడతానని ఒకనాడు కంబళనాథుడనే మాంత్రికుడు నిండు సభలోకి వచ్చాడు. కుముదిని అతన్ని కిందికీ పైకీ చూసి, "ముందు ఆ గడ్డం చిక్కు తీసుకుని రండి, తరవాత మాట్లాడదాం" అంది. సభ గొల్లుమంది. మాంత్రికుడు నవ్వలేదు. చిటికె వేశాడు. కుముదిని మంచుబొమ్మ అయిపోయింది. మరో చిటికెకు ఆ బొమ్మ శ్వేతగిరి శిఖరం మీద నిలిచింది.

"రాజా, వచ్చే కార్తిక పున్నమి దాకా ఈ బొమ్మ కరగకుండా ఉంటే నీ కూతురు మళ్ళీ మనిషవుతుంది. కరిగిందా, ఏటి నీళ్ళలో కలిసిపోతుంది. ఒప్పుకుంటావా?" అని అడిగాడు.

"శ్వేతగిరి మంచు కరగడమా! మా ముత్తాతలు కూడా వినలేదు ఆ మాట. ఒప్పుకున్నాను పో" అన్నాడు ఉదగ్రసేనుడు మీసం దువ్వుతూ. "ప్రభూ, తొందరపడకండి" అని అడ్డు వచ్చిన మంత్రి బుద్ధిసాగరుణ్ణి మాంత్రికుడు పోతూ పోతూ ఎద్దును చేసి పోయాడు.

ఇదంతా జరిగిపోయిన కథ. ఇప్పుడు శ్వేతగిరి మీద, పాలమీగడలా మంచు పేరుకుని ఉండాల్సిన చోట, రాళ్ళు బోడితలల్లా బయటపడ్డాయి. వెండి పళ్ళెంలాంటి శిఖరం మీద కుముదిని బొమ్మ ఎండకు తళతళలాడుతోంది. ఆ తళుకు అందమైనదే గాని మంచిది కాదు. జడ కొస అప్పుడే నీరై పోయింది. చుట్టూ నిలబడ్డ సైనికులు విసనకర్రలతో విసురుతున్నారు.

"ఆపండి ఆ విసనకర్రలు!" అన్నాడు రత్నాంగదుడు. "మీరు విసిరేది వడగాలి."

"మరి కత్తులు దూయమంటారా యువరాజా?" అన్నాడు దళపతి.

"ఎవరి మీద?"

"అదే తెలియడం లేదండి" అని దళపతి తల గోక్కున్నాడు.

పక్కనే నెమరు వేస్తున్న ఎద్దు గొంతు సవరించుకుంది. బుద్ధిసాగరుడికి మంత్రి పదవి పోయినా మంత్రి మాటతీరు పోలేదు. "యువరాజా, చిన్న మనవి. సూర్యుడు నిరుటి సూర్యుడే. వచ్చే వేడి పెరగలేదు. కాబట్టి పోవలసిన వేడి పోవడం లేదని నా అభిప్రాయం. పైన ఎక్కడో దారి మూసుకుపోయి..." అంటుండగా పొట్టలోంచి పెద్ద త్రేన్పు వచ్చింది. "క్షమించాలి. ఉదయం మేసిన వరిగడ్డి."

"అయితే పైకే పోదాం" అన్నాడు రత్నాంగదుడు.

అతని నడుముకు ఒక ఎండు సొరకాయ బుర్ర వేలాడుతోంది. అందులో ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు ఉంది. ఒంటికి రాసుకుంటే మనిషి దూదిపింజ అవుతాడు. చెమట పట్టి పసరు జారిపోయిందా, మళ్ళీ ఎప్పటి బరువే. ఇద్దరూ గబగబా కొండ దిగి కోట కప్పు ఎక్కారు. రాకుమారుడు తనకు రాసుకుని, ఎద్దుకు కొమ్ముల నుంచి తోక దాకా పట్టించాడు. తరవాత ఇద్దరూ కీర్తిస్తంభం నోట్లోంచి ఎగసే పొగ మీదికి దూకారు.

ఎద్దు ఎగరడం చూసి కోట మీది కోతులు చప్పట్లు కొట్టాయి.

పొగ వాళ్ళను గిరగిరా తిప్పుతూ పైకి మోసుకుపోయింది. కోట అగ్గిపెట్టె అయింది, నగరం ముగ్గు అయింది, ఏరు జారిపడిన దారప్పోగు అయింది. మబ్బులు దాటగానే రాకుమారుడి తల మెత్తగా దేనికో తగిలింది. చూస్తే ఏమీ లేదు. చేత్తో తడిమితే ఉంది! మందపాటి బొంత ఒకటి ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పి ఉంది. అద్దంకన్నా స్వచ్ఛంగా ఉంది కాబట్టి కంటికి ఆనడం లేదు. ఎద్దు కొమ్ము అందులో చిక్కుకుంది.

"కదలమాక, కదలమాక! ఉన్న కుట్లన్నీ ఊడదీస్తావా ఏంది?" అంటూ ఒక ముసలమ్మ పరుగున వచ్చి కొమ్ము విడిపించింది. ఆమె జుట్టు పాలపుంత, చీర అమావాస్య రంగు, ముడతల్లో ఒక్కో చుక్క మిణుకుమంటోంది. "నన్ను రేయవ్వ అంటారు నాయనా. కింద లోకానికి దుప్పటి కప్పేదాన్ని నేనే. ఎవరు నువ్వు?"

రత్నాంగదుడు తన గోడు రెండు ముక్కల్లో చెప్పాడు. రేయవ్వ నిట్టూర్చి, బొంత కింద ఒక చోటు చూపించింది. పైనుంచి సూర్యుడి పిల్లలు దిగి వస్తున్నారు. ఒక్కొక్కరూ బంగారు సూదంత సన్నం. బొంతలోంచి జర్రున జారి నేల మీద వాలుతున్నారు. నేలను తాకినవాళ్ళు ఎర్రగా, బొద్దుగా మారి ఇంటిదారి పడుతున్నారు. బొంత దగ్గరికి వచ్చేసరికి పెళ్ళివిందు తిన్న చుట్టాలు ఇరుకు గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటున్నారు. ఒకణ్ణొకడు తోసుకుని, విసిగి, మళ్ళీ కిందికే పోతున్నారు.

"చూశావా? వచ్చేటప్పుడు దారి ఉంది, పోయేటప్పుడు లేదు. నా పాత దుప్పటి పల్చన. కొద్దిమంది చిక్కేవాళ్ళు. ఆ కాస్త వెచ్చదనంతోనే కింద పిల్లాపాపా చలికి బిగుసుకుపోకుండా బతికారు. మిగిలినోళ్ళు ఎంచక్కా ఇంటికి పోయేవాళ్ళు. చిరుగులు కుట్టిపెడతానని ఆ గడ్డపోడు వచ్చాడు, మంచోడు గదా అని నా దబ్బనం చేతికిచ్చా. అప్పటి సంది పొర మీద పొర, పొర మీద పొర వేస్తానే ఉండాడు!"

"అతను ఎక్కడ?"

"అదిగో, రాట్నం చప్పుడు వినబడటంలా? అట్టాగే పోతే గుర్తు పడతాడు. వేషం మార్చుకో."

రేయవ్వ తన చీర చెంగు చించి అతనికి తలపాగా చుట్టింది. మసి తీసి మీసాలు దిద్దింది. ఎద్దు మీద మబ్బుముక్కల మూట వేసింది. క్షణంలో రత్నాంగదుడు దేశాలు తిరిగే నూలు వర్తకుడయ్యాడు.

కంబళనాథుడి కుట్టుశాల చూడవలసిందే. పిడుగులు దూలాలుగా, ఉరుములు తలుపులుగా, ఇంద్రధనుస్సులు రంగు వెలిసిన తెరలుగా వేలాడుతున్నాయి. నడుమ కొండంత రాట్నం. దాని ముందు మాంత్రికుడు. బొగ్గుల్లాంటి పళ్ళు, పొగతో అల్లిన గడ్డం, ఆ ఉడుకులో కూడా ఒంటి మీద ముతక కంబళి, ముఖాన చుక్క చెమట లేదు. కింది నుంచి సుడులు తిరుగుతూ వచ్చే పొగను రాట్నానికి తగిలించి నూలు తీస్తున్నాడు.

"దండాలు అయ్యవారూ. నూలు అమ్ముతాం, కొంటాం" అన్నాడు రత్నాంగదుడు. "ఇంత సరుకు ఏ సంతలో కొన్నారో చెబితే మేమూ బతుకుతాం."

"కొనడమా!" మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ధూమ్రపురి వాళ్ళు ఊరికే పంపుతారోయ్. పైగా ఎవరెక్కువ పంపుతారా అని పోటీలు పడతారు. ఇదిగో, ఈ నల్లరాతి నూలు చూడు. ముత్తాత పొయ్యిలోంచి వచ్చింది మునిమనవడి కాలానికీ చివకదు. నా బొంతకు పడుగూ పేకా ఇదే."

"మరి ఈ పొట్టి పోగు?"

"అది పశువుల త్రేన్పు. వరిమళ్ళలో అస్తమానం నిలవ ఉన్న నీళ్ళ అడుగు బుడగలు, కుళ్ళిన చెత్తగుట్టల ఊపిరి కూడా ఈ జాతే. తొందరగా చివికిపోతుంది గాని ఉన్నన్నాళ్ళు ఉన్నికన్నా వెచ్చన."

"మీకు పోటీ లేదా అయ్యవారూ?"

మాంత్రికుడి ముఖం మాడింది. "ఉండేది. చెట్లు! నేను కుట్టిన నూలును ఆకులతో లాగి లాగి మింగేవి. రాత్రంతా కుట్టింది తెల్లారేసరికి సగం మాయం. అప్పుడు ధూమ్రపురి వాళ్ళే ఆదుకున్నారు. అడవిని నరికి ఆ కట్టెలనే పొయ్యిలో పెట్టారు. అంటే ఏమిటి? నా శత్రువునే వడికి నూలు చేసి నాకు పంపారు! ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు?" ఇంతలో ఎద్దు త్రేన్చింది. మాంత్రికుడి కళ్ళు మెరిశాయి. "ఓహో! శ్రేష్ఠమైన పోగు! ఈ ఎద్దును నాకు అమ్ము. రాట్నానికి కట్టేసి, గడ్డి మేపుతూ త్రేన్పిస్తాను" అని డొక్కలో గుద్దాడు.

"అయ్యా! తమరు హద్దు మీరుతున్నారు. నేను మూడు తరాల రాజులకు సలహా చెప్పిన కుటుంబంవాణ్ణి" అన్నాడు బుద్ధిసాగరుడు.

రాకుమారుడు నెత్తి కొట్టుకున్నాడు.

"మంత్రీ!" అని అరిచాడు కంబళనాథుడు. "అయితే ఈ మసిమీసాలవాడు..."

మాట పూర్తికాకముందే రత్నాంగదుడు కత్తి దూసి నెత్తి మీది బొంతను ఒక్క వేటు వేశాడు. చీలిక పడింది. అవతలి చల్లదనం రివ్వున తగిలింది. ఇరుక్కున్న సూర్యుడి పిల్లలు కేరింతలు కొడుతూ కొందరు దూరిపోయారు. రెప్పపాటులో కింది నుంచి కొత్త నూలు వచ్చి చీలికను కుట్టేసింది. మళ్ళీ నరికాడు. మళ్ళీ కుట్టుకుంది. మాంత్రికుడు నూలు కండెలు విసిరాడు. అవి గాలిలోనే పొగపాములై బుసకొట్టాయి. రాకుమారుడు ఒకదాని తల నరికితే ఆ పొగలోంచి మరొకటి పుట్టింది. ఇంకొకటి అతని కాలికి చుట్టుకుని రాట్నం వైపు ఈడ్చింది.

"ఓ అబ్బాయ్!" రేయవ్వ కేక తెర వెనక నుంచి వినబడింది. "పైన కొయ్యటం కాదు, కింద ఆపు! కింద పొగ పెడతా ఉంటే నువ్వు పైన యుగాలు నరికినా దండగే. మొత్తం చించమాక, చలికి చస్తారు. కొత్త నూలు రాకుండా చెయ్యి, చెట్లను మళ్ళీ మొలిపించు. పాత పొరలు అవే లాక్కుంటయ్, మెల్లంగా!"

బుద్ధిసాగరుడు వెనక్కి తిరిగి రెండు కాళ్ళతో రాట్నాన్ని తన్నాడు. చక్రం ఆకులు విరిగి అది ఒరిగిపోయింది. కాలికి చుట్టుకున్న పాము పొగై విడిపోయింది. మాంత్రికుడు విరిగిన రాట్నం వైపు ఉరికేలోగా ఎద్దూ రాకుమారుడూ మబ్బుల అంచు మీదికి పరుగెత్తారు. కాని బొంత కింద ఉడుకు, పైన యుద్ధం. ఎద్దుకు ధారలుగా చెమట పట్టింది. పసరు జారిపోయింది.

"యువరాజా, నా బరువు నాకు తెలుస్తోంది" అన్నాడు బుద్ధిసాగరుడు. అని పడిపోయాడు.

రాకుమారుడు తోక పట్టుకున్నాడు. ఆ తోకతో పాటు తానూ బయలుదేరాడు. అతని ఒంట్లో ఇంకా కాస్త పసరు మిగిలి ఉండబట్టి ఇద్దరూ రాయిలా కాక, తడిసిన గుడ్డలా దిగారు. కోట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జారింది. రత్నాంగదుడు రాణివాసం డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల్లో పడ్డాడు. బుద్ధిసాగరుడు నేరుగా కీర్తిస్తంభం నోట్లో పడి, నడుము దాకా దిగి, బిగుసుకుపోయాడు. కింద పొయ్యి దగ్గరి వాళ్ళు పొగ తమ మీదికే మళ్ళేసరికి దగ్గుతూ నీళ్ళు కుమ్మరించి పారిపోయారు.

కీర్తిస్తంభం పొగ ఆగింది.

నగరమంతా తలలెత్తి చూసింది. తరవాత డప్పు మోగింది. "మహారాజుగారు పోయారహో!" అని చాటింపు వేసేవాడు వీధుల వెంట పరుగెత్తాడు. గాజుల చప్పుళ్ళు, ఏడుపులు, శంఖాలు. వెదురుబద్దలు వచ్చాయి, పూలు వచ్చాయి. జనం పాడె కట్టుకుని కోటలోకి వచ్చేసరికి మహారాజు పులిహోర తింటున్నాడు.

"ఏమిటీ గోల?" అన్నాడు ఉదగ్రసేనుడు.

"తమరు పోయారు ప్రభూ" అన్నాడు చాటింపువాడు వెక్కుతూ.

"నేను భోజనం చేస్తున్నాను!"

"కానివ్వండి ప్రభూ. తొందరేం లేదు. పాడెకు ఇంకా పూలు కట్టాలి."

"నేను బతికే ఉన్నానయ్యా!"

మల్లెల వీధి గంటాలమ్మ ముందుకొచ్చి చెంగుతో కళ్ళొత్తుకుంది. ఆమె ఇంటి పొగ ఆ పేటకల్లా ఎత్తైనది. "అట్టా అనబాకండి దొరా. పొగ లేదు గదా. పోయినోళ్ళకు పోయినట్టు ఎంటనే తెలీదంట. మా మావగారు కూడా ఇట్టాగే శానాసేపు అరిచాడు."

అప్పుడు తల నిండా వడియాలతో రత్నాంగదుడు దిగి వచ్చాడు. తండ్రిని పక్కకు తీసుకుపోయి చూసిందంతా చెప్పాడు. రాజు ముఖం కందగడ్డ అయింది. "పొగ ఆపాలా? మన పరువు? ఆ ఎద్దును తోసి పొయ్యి రాజేయించు ముందు!"

అంతలో శ్వేతగిరి నుంచి వార్తాహరుడు గుర్రం దిగీ దిగకుండానే పడిపోయి లేచాడు. "ప్రభూ, రాకుమారి చిటికెనవేలు కరిగిపోయింది. మణికట్టు చెమ్మగిల్లుతోంది."

రాజు చేతిలోని పులిహోర ముద్ద విస్తట్లో పడింది. పందెం ఒప్పుకున్నది తానే. మాంత్రికుడి బొంతకు నూలు పంపుతున్నదీ తానే.

"నాయనా," అన్నాడు, "నేను ఆజ్ఞ ఇస్తే జనం వింటారా? వినరు. పొగ ఆపమంటే ముందు నా తలే తీస్తారు. బతికున్న రాజు మాటకు ఎదురు చెప్పవచ్చు. మన ఆచారంలో ఎదురు చెప్పకూడని మాట ఒక్కటే ఉంది. పోయిన రాజు ఆఖరి కోరిక. ప్రతి ఇల్లూ అది తీర్చిందాకా పాడె లేవదు."

"కాని మీరు పోలేదుగా నాన్నగారూ."

"ఊరంతా పోయానంటుంటే కాదనడానికి నేనెవర్ని?" అంటూ ఉదగ్రసేనుడు చెయ్యి కడుక్కుని, కిరీటం సర్దుకుని, పోయి పాడె మీద పడుకున్నాడు. వెదురు కిర్రుమంది. జనం గొల్లుమన్నారు.

"ఊరుకోండి. నా ఆఖరి కోరిక వినండి" అన్నాడు శవం. "నేటి నుంచి ఏ ఇంటా పరువు కోసం పొగ పెట్టకూడదు."

"ఓరి దేవుడో! అన్నం ఎట్టా వండాలా?" అంది గంటాలమ్మ.

"వండొద్దన్నానా తల్లీ? వండినంతసేపే మంట. కుండ మీద మూత పెట్టు, సగం కట్టె మిగులుతుంది. పగటిపూట పప్పు ఉడకడానికి ఇత్తడి పళ్ళేలు ఎండకు తిప్పి కుండ మీదికి వెలుగు పట్టండి. ఎండ ఎటూ ఊరికే వస్తోంది."

"మరి పిండిమరలు? నల్లరాయి లేందే తిరగవు గదా!" అన్నాడొకడు వెనక నుంచి.

"కొండ మీది గాలికి ఏం పని ఉంది? తెరచాపలు కట్టి దాని చేత తిప్పించండి. వరిమళ్ళలో నీళ్ళు ఎప్పుడూ నిలవగట్టకండి, నడుమ నడుమ ఆరనివ్వండి. చెత్త గుట్టపోసి కుళ్ళబెట్టకుండా, తిరగేసి ఆరబెట్టి ఎరువు చేసి పొలానికి తోలండి. పశువులను గొప్ప కోసం మందలు మందలు పెంచకండి, పనికి తగినన్ని చాలు."

"ఆ చివరి అంశంపై నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి ప్రభూ!" అని కీర్తిస్తంభం లోంచి బుద్ధిసాగరుడి గొంతు గంభీరంగా వినబడింది.

"శవానికి ఇన్ని మాటలా?" అని ఎవరో గొణిగారు.

"రాజు శవం గదా, ఆ మాత్రం ఉంటయ్" అని మరెవరో సర్ది చెప్పారు.

గంటాలమ్మ మాత్రం కొంగు బిగించింది. "అన్నీ బాగానే ఉండయ్ దొరా. మా బుల్లోడికి పిల్లనెవరిస్తారు? కప్పు మీద పొగ లేకపోతే మేం ఉన్నోళ్ళమని ఎట్టా తెలిసుద్ది?"

రాజు పాడె మీదే ఆమె వైపు తల తిప్పాడు. "ఇకమీదట పిల్లనిచ్చేవాళ్ళు కప్పు చూడరు, పెరడు చూస్తారు. ఎవరి పెరట్లో ఎంత నీడ ఉంటే వాళ్ళది అంత పరువు. నరికిన అడవి మళ్ళీ నాటినవాళ్ళు నా వియ్యంకులతో సమానం."

గంటాలమ్మ గిరుక్కున వెనుదిరిగి పక్కింటామె వైపు అనుమానంగా చూసింది. ఆ పక్కింట్లో అప్పటికే ఒక చింతచెట్టు ఉంది. "ఒరే బుల్లోడా! గునపం తే! గుంటలు తియ్యాల!" అని కేకేస్తూ పరుగు తీసింది.

ఆ తరవాత చూడాలి నగరాన్ని. ఒక పొగ కుంగింది, మరొకటి వంగింది, వీధులకు వీధులు స్తంభాలు కూలిపోయాయి. నల్లని తెర జారేసరికి ఆకాశం కొత్త చీర మడత విప్పినట్టు నీలంగా బయటపడింది. పిల్లలు వేలు చూపించి అదేమిటని అడిగారు. గునపాలు మోగాయి. విత్తనాల మూటలు బళ్ళకెక్కాయి. పైన బొంత ఇంకా అంతే మందంగా ఉంది. కాని దాని మీద కొత్త పోగు పడటం ఆగింది.

రత్నాంగదుడు గుర్రానికి జీను వేయిస్తున్నాడు, విత్తనాలతో అడవికి పోవాలని. అప్పుడు జనాన్ని చీల్చుకుంటూ ఒక వృద్ధ పురోహితుడు వచ్చాడు. నుదుట విభూతి, చేతిలో దర్భలు, ఒంటి మీద ముతక కంబళి.

"ఇళ్ళన్నీ చూసి వస్తున్నాను. ప్రతి పొయ్యీ ఆరింది. రాజుగారి ఆఖరి కోరిక తీరింది" అన్నాడు తీయగా. "మరి ఆచారం ఏమంటుంది? కోరిక తీరాక పాడె లేవాలి. చితి పేర్చండి. మంచి నల్లరాళ్ళు వేసి పేర్చండి. రాజుగారి చితి పొగ మబ్బులు దాటాలి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆచారం ఆచారమే.

రత్నాంగదుడు పురోహితుడి ముఖం చూశాడు. ఆ మండుటెండలో, ఆ కంబళిలో, చుక్క చెమట లేదు. అతని చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. "నా తండ్రి..."

"ఊఁ, నీ తండ్రి?" కంబళనాథుడు దగ్గరికి వచ్చి అతనికి మాత్రమే వినబడేటట్టు అన్నాడు. "బతికే ఉన్నాడంటావా? గట్టిగా చెప్పు. అప్పుడు ఆఖరి కోరిక చెల్లదు. అందరూ పోయి పొయ్యిలు వెలిగించుకుంటారు. నీ చెల్లెలి మణికట్టు ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం. పోయాడంటావా? అయితే కాష్ఠానికి నిప్పు నువ్వే పెట్టాలి. కొడుకువి గదా."

కత్తి ఒరలోనే ఆగిపోయింది. డప్పులు మొదలయ్యాయి. నలుగురు భుజాలు వంచి పాడె ఎత్తారు. కంబళనాథుడు నిప్పుకుండ తెచ్చి రాకుమారుడి చేతికి తాడు తగిలించాడు.

పాడె మీద ఉదగ్రసేన మహారాజు ఒక కన్ను తెరిచాడు. మాంత్రికుణ్ణి చూశాడు, నిప్పుకుండను చూశాడు, శ్వేతగిరి వైపు చూశాడు. తరవాత కొడుకు వైపు తల కాస్త తిప్పి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు:

"నువ్వు ఏం ఆలోచిస్తావో తొందరగా ఆలోచించు నాయనా. నేను మాత్రం లేచేది లేదు."

పాడె శ్మశానం వైపు కదిలింది.

పాలుగుళ్ల ఆదెమ్మ
వయసు అరవై తొమ్మిది
ప్రస్తుతం మార్కాపురంలో, పలకల కార్ఖానాల వెనక వీధిలో, చిన్నమ్మాయి ఇంట్లో ఉంటున్నాను